చీకటి పడ్డాక ఇంటికొచ్చే వాళ్ల ఫోటో



మన ఇళ్లలో ఉన్న ఫోటోలను ఒకసారి లెక్కపెట్టి చూడండి. హాస్టల్ అడ్మిషన్ ఫారానికి, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు తీయించుకున్న మన పాస్‌పోర్టు సైజు ఫోటోలు నాలుగైదు ఉంటాయి. పదో తరగతి గ్రూప్ ఫోటో ఒకటి ఉంటుంది. బంధువుల పెళ్లి ఆల్బంలో ఏదో ఒక మూల మన అమ్మ సగం ముఖం కనిపిస్తుంది. ఆధార్ కార్డు మీద ఉన్నది పక్కనపెడితే, అమ్మదీ నాన్నదీ అని చెప్పుకోదగ్గ మంచి ఫోటో ఎందరి ఇళ్లలో ఉంది?

దీనికి కారణం మనందరికీ తెలిసిందే. హిందూపురంలో తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కి పనికి పోయే నాన్న రాత్రికి గాని ఇంటికి రాడు. కూలికి పోయే అమ్మ పొద్దు పొడవక ముందే పొయ్యి వెలిగించి, పొద్దు గూకినాక మళ్లీ పొయ్యి దగ్గరే కూర్చుంటుంది. ధర్మవరంలో మగ్గం మీద పనిచేసేవాళ్లు పట్టపగలు కూడా ఇంటి లోపలి మసక వెలుతురులోనే ఉంటారు. వెలుతురు ఉన్నప్పుడు మనిషి దొరకడు. మనిషి దొరికినప్పుడు వెలుతురు ఉండదు. కాబట్టి మన వాళ్ల ఫోటో తీయాలంటే తక్కువ వెలుతురులో ఫోటో తీయడం మనకు వచ్చి తీరాలి. ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

మేము ముగ్గురం. వేర్వేరు బ్యాచ్‌లలో ఈ హాస్టల్‌లో ఉండి చదువుకున్నాం. ఒకరిది హిందూపురం, ఒకరిది పెనుకొండ, ఒకరిది ధర్మవరం. మేం చదువుకున్న రోజుల్లో ఈ మూడు ఊళ్లూ అనంతపురం జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. ఈ సంచికకు ఫోటోలు సమకూర్చే బాధ్యతను కమిటీవారు మాకు అప్పగించారు. హాస్టల్ బీరువాలో పాత ఆల్బంలతో పాటు, పూర్వ విద్యార్థులు ఎప్పుడో కొనిచ్చిన 7 మెగాపిక్సెళ్ల డిజిటల్ కెమెరా ఒకటి దొరికింది. రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే ఇప్పటికీ పనిచేస్తోంది. దాన్ని పట్టుకుని కొన్ని ఆదివారాల సాయంత్రాలు ఊళ్లూ ఇళ్లూ తిరిగాం. తెలిసిన విషయాలను మీతో పంచుకుంటున్నాం.

ముందుగా ఆ పాత ఆల్బంల సంగతి చెబుతాం. వార్షికోత్సవం ఎప్పుడూ సాయంత్రమే మొదలవుతుంది. అతిథులు వచ్చేసరికి చీకటి పడుతుంది. అందువల్ల ఫోటోలన్నీ ఫ్లాష్ వేసి తీసినవే. వాటిలో మూడు లోపాలు ప్రతి ఏడాదీ కనిపించాయి. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నారు, వెనక వరుసవాళ్లు చీకట్లో కలిసిపోయారు. చాలామంది కళ్లు ఎర్రగా మండుతున్నట్టు ఉన్నాయి. అన్నిటికన్నా బాధ కలిగించింది మూడోది. డాక్టర్ అంబేద్కర్ గారి పటానికి పూలమాల వేస్తున్న ఫోటోల్లో, సరిగ్గా ఆయన ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మెరుపు పడింది.

ఈ మూడింటికీ మూడు కారణాలు. వెలుతురు దూరం పోయేకొద్దీ చాలా వేగంగా తగ్గుతుంది. దూరం రెండింతలైతే వెలుతురు సగం కాదు, నాలుగో వంతే మిగులుతుంది. ముందు వరుస రెండు మీటర్లలో, చివరి వరుస నాలుగు మీటర్లలో ఉంటే చివరివాళ్లకు చేరేది పావు వంతు. చిన్న కెమెరాల ఫ్లాష్ మామూలుగా మూడు మీటర్ల దాకానే సరిగ్గా పనిచేస్తుంది. ఇక ఎర్ర కళ్లు. చీకట్లో మన కంటిపాప బాగా తెరుచుకుని ఉంటుంది. లెన్సును ఆనుకుని ఉన్న ఫ్లాష్ వెలుగు నేరుగా కంటి లోపలికి పోయి, అక్కడి రక్తనాళాల రంగుతో వెనక్కి వస్తుంది. పటం మీది మెరుపు అద్దం వల్ల వచ్చింది. అద్దానికి ఎదురుగా నిలబడితే ఫ్లాష్ తిరిగి లెన్సులోకే వస్తుంది. రెండడుగులు పక్కకు జరిగి ఏటవాలుగా తీస్తే ఆ మెరుపు ఇంకో వైపు పోతుంది. ముఖం ముఖంలాగే ఉంటుంది.

గ్రూప్ ఫోటోకు ఇంకా తేలిక మార్గం ఉంది. కార్యక్రమం చివర కాకుండా మొదట్లోనే, పొద్దు గూకడానికి అరగంట ముందు వరండా మెట్ల మీద అందరినీ నిలబెట్టి తీయాలి. అతిథులు ఆలస్యమైతే పిల్లల ఫోటో ముందే తీసుకుని ఉంచాలి. ఏ ఖర్చూ లేదు. ఈసారి నుంచి కార్యక్రమ పత్రంలో గ్రూప్ ఫోటోను మొదటి అంశంగా వేయమని కమిటీవారిని కోరుతున్నాం.

ఇదంతా చిన్న విషయమే కదా అనిపించవచ్చు. మాలో ఒకరి నాన్న కొన్నేళ్ల కిందట చనిపోయారు. దినం నాటికి పటం కట్టించాలని ఇల్లంతా వెతికితే ఒక్కటే ఫోటో దొరికింది. ఎవరిదో పెళ్లిలో, రాత్రి భోజనాల దగ్గర, దూరం నుంచి ఎవరో సెల్‌ఫోన్‌తో తీసింది. స్టూడియో అతను దాన్ని పెద్దది చేయడానికి చాలాసేపు శ్రమపడ్డాడు. పెద్దది చేసేకొద్దీ ముఖం ఇసుక రేణువుల్లా విడిపోయింది. ఒక కన్ను ఉంది, రెండో కన్ను చోట నల్లటి మచ్చ ఉంది. ఉన్నదాన్ని దిద్దవచ్చు గాని, కెమెరాలో పడని కన్నును ఎవరు తెచ్చిపెట్టగలరు? చివరికి ఓటరు కార్డు మీది బొమ్మతోనే పటం కట్టించారు. ఆ ఇంట్లో పుట్టే పిల్లలకు తాత అంటే ఇక ఆ బొమ్మే. చనిపోయాక వెలుతురు పెంచలేం. బతికున్నప్పుడే జాగ్రత్తగా పట్టుకోవాలి.

ఆ ఫోటో అలా ఇసుకలా ఎందుకు విడిపోయింది? దీనికి జవాబు తెలిస్తే సగం పని వచ్చినట్టే. డిజిటల్ కెమెరాలో ఫిల్ముకు బదులు సెన్సర్ ఉంటుంది. వెలుతురును విద్యుత్తుగా మార్చి బొమ్మ కట్టే సి.సి.డి. అనే చిప్‌ను 1969లో అమెరికాలోని బెల్ లేబరేటరీలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించారు. వాళ్లకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ అలాంటి చిప్‌తో మొదటి చేతి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. అందులో బొమ్మ అడ్డం 100, నిలువు 100 చుక్కలే. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీద ఎక్కడానికి 23 సెకండ్లు పట్టేది. మన బీరువాలోని కెమెరాలో 70 లక్షల చుక్కలున్నాయి.

ఆ చుక్కలను పెరట్లో వరుసగా పేర్చిన కుండలనుకోండి. వెలుతురు అంటే వాన. జోరు వాన కురిస్తే కుండలన్నీ దాదాపు సమానంగా నిండుతాయి. మన సీమ వానలాగా నాలుగు చినుకులు రాలిపోతే ఒక కుండలో మూడు చుక్కలు పడతాయి, పక్క కుండలో ఒకటి పడుతుంది, ఇంకోదాంట్లో అసలు పడదు. ఆ హెచ్చుతగ్గులే ఫోటోలో ఇసుకగా, రంగు మచ్చలుగా కనిపిస్తాయి. చిన్న కెమెరా సెన్సర్ సుమారు 6 మిల్లీమీటర్ల పొడవు, 4 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. చిటికెనవేలి గోరుకన్నా చిన్నది. పెళ్లిళ్లకు స్టూడియోవాళ్లు తెచ్చే పెద్ద కెమెరాల్లో కొన్నిటి సెన్సర్ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే వైశాల్యంలో సుమారు 35 రెట్లు పెద్దది. వాళ్లవి గంగాళాలు, మనవి ముంతలు. కాబట్టి మెగాపిక్సెళ్లు ఎన్నున్నాయని గొప్పలు పోవడంలో అర్థం లేదు. అదే పెరట్లో కుండల సంఖ్య పెంచితే ఒక్కో కుండ ఇంకా చిన్నదవుతుంది.

వాన ఎంత తక్కువో మన కంటికి తెలియదు. ఇదే అసలు చిక్కు. మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్సులుంటుంది. లక్స్ అంటే వెలుతురు కొలత. రాత్రి ఒక ట్యూబ్‌లైట్ వెలిగే గదిలో 100 లక్సులుంటే ఎక్కువ. అంటే వెయ్యో వంతు. కానీ మన కన్ను సర్దుకుపోతుంది, గది బాగానే కనిపిస్తుంది. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది గాని, అలవాటు పడ్డాక అది చేసే పని ఏ కెమెరాకూ తేలిక కాదు. కెమెరాకు మనం మూడు రకాలుగా సాయం చేయవచ్చు. కుండ మూతి వెడల్పు చేయడం మొదటిది, దాన్ని అపర్చర్ అంటారు. వానలో ఎక్కువసేపు ఉంచడం రెండోది, అది షట్టర్. మూడోది ఐ.ఎస్.ఓ. పడిన నీళ్లు పెరగవు గాని, ఉన్న కొద్ది నీళ్లనే పెద్ద అంకెల్లో చెప్పడం అన్నమాట. అంకె పెంచితే ఫోటో వెలుగుతుంది, దాంతోపాటు ఇసుక కూడా పెరుగుతుంది. మన పాత కెమెరాలో 400 దాకా బాగానే ఉంది. 800 దాటితే ముఖం మీద మచ్చలు మొదలయ్యాయి.

కుండ మూతి విషయంలో ఒక ముఖ్యమైన మాట. చిన్న కెమెరాల్లో జూమ్ చేసేకొద్దీ లెన్సు మూతి ఇరుకవుతుంది. జూమ్ లేనప్పుడు ఎఫ్ 2.8 ఉండేది, పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ 5 దాకా పోతుంది. అంటే వెలుతురు మూడో వంతుకు పడిపోతుంది. చేతి వణుకు కూడా జూమ్‌తో పాటే పెద్దదవుతుంది. అందుకే చీకట్లో జూమ్ జోలికి పోవద్దు. నాలుగు అడుగులు ముందుకు నడవండి. ఎలాగూ అమ్మ ఫోటో తీయడానికి దూరంగా నిలబడాల్సిన పని లేదు.

ఇక షట్టర్. ఇంట్లో బల్బు వెలుతురులో కెమెరా సెకండులో 15వ వంతు, 8వ వంతు సేపు తెరుచుకుని ఉంటుంది. ఆ కాస్త సేపట్లో మన చెయ్యి కదిలితే చాలు, ఫోటో అలుక్కుపోతుంది. స్టూడియోవాళ్లకు మూడు కాళ్ల స్టాండు ఉంటుంది. మనకు హాస్టల్ ట్రంకు పెట్టె ఉంది. దాని మీద సగం నింపిన బియ్యం సంచి వేసి, అందులో కెమెరాను కూర్చోబెడితే ఎటు వంచితే అటు నిలుస్తుంది. బటన్ నొక్కినప్పుడు కూడా కెమెరా కదులుతుంది కాబట్టి రెండు సెకండ్ల సెల్ఫ్ టైమర్ పెట్టి చెయ్యి తీసేయాలి. ఏదీ లేకపోతే గోడకు భుజం ఆనించి, మోచేతులు పక్కలకు అదిమి, ఊపిరి వదిలాక ఒక్క క్షణం ఆగి నొక్కాలి. ఒకటి కాదు, వరుసగా ఐదారు తీయాలి. అందులో ఒకటి నిలకడగా వస్తుంది. ఫిల్ము రోజుల్లో ఇది డబ్బున్నవాళ్ల పని, ఇప్పుడు ఖర్చు లేదు.

మేం మొదట తీసింది మన హాస్టల్ వంటింట్లోనే. తెల్లవారి నాలుగున్నరకు వంటమ్మ పొయ్యి వెలిగిస్తుంది. ఏళ్ల తరబడి మనందరికీ వండిపెట్టిన మనిషి. పాత ఆల్బంలన్నీ తిరగేసినా ఆమె ఫోటో ఒక్కటీ లేదు. కామాటి, వాచ్‌మన్ ఫోటోలూ లేవు. కార్యక్రమం జరిగేటప్పుడు వాళ్లు వంట దగ్గరా గేటు దగ్గరా ఉంటారు కదా! మేం కెమెరాతో పోతే ఆమె నవ్వింది. “ఈ పొగలో నన్నేం తీస్తారు నాయనా? నల్లటోళ్లం, ఫోటోలో యాడ కనపడతాం? పొద్దెక్కినాక చీర మార్చుకొని వస్తా, అప్పుడు తీద్దురు” అంది. మేం కాసేపు అక్కడే కూర్చుని కబుర్లు చెప్పాం. టీ తాగాం. ఆమె మమ్మల్ని మరిచిపోయి సాంబారు గుండిగె కలపడం మొదలుపెట్టాక తీశాం.

వంటింట్లో ఉన్నది ఒక్క బల్బు. అది ఆమె వెనక ఉన్నంతసేపూ ముఖం నల్లగానే వచ్చింది. మేం గుండిగెకు అవతలి పక్కకు మారాం. అప్పుడు బల్బు ఆమె ముఖానికి ఒక పక్కగా వచ్చింది, పొయ్యి మంట వెలుగు గడ్డం కింద పడింది. వెలుతురు తక్కువైనప్పుడు ఎక్కువ వెలుతురు తేవడం మన చేతిలో ఉండకపోవచ్చు. అది మనిషికి ఏ పక్క ఉండాలో మాత్రం మనమే నిర్ణయించవచ్చు. కిటికీ గానీ బల్బు గానీ మనిషి వీపు వెనక ఉండకూడదు. నెత్తి మీద ఉంటే కళ్ల కింద గుంటలు పడతాయి. ముఖానికి కాస్త పక్కగా, కాస్త పైన ఉంటే బాగుంటుంది. కరెంటు దీపాల్లో ఇంకో కిటుకుంది. మన కరెంటు సెకండుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. దాంతో పాత ట్యూబ్‌లైట్లు, చవక ఎల్.ఇ.డి. బల్బులు సెకండుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టర్ అంతకన్నా వేగంగా ఉంటే ఫోటోలో నల్లటి చారలు పడవచ్చు. 50వ వంతు సెకండు దగ్గర పెడితే ఆ బెడద ఉండదు.

వంటమ్మ అన్న “నల్లటోళ్లం, కనపడం” అనే మాట దగ్గర కాస్త ఆగాలి. మన ఇళ్లలో ఈ మాట వినని వాళ్లెవరు? ఫోటో నల్లగా వస్తే మనవాళ్లు తమ రంగునే తిట్టుకుంటారు. నిజానికి తప్పు రంగుది కాదు, కెమెరా లెక్కది. కెమెరాకు మనిషి ఎవరో, గోడ ఏదో తెలియదు. ఎదురుగా కనిపించేదంతా కలిపి సగటున ఒక మధ్యరకం బూడిద రంగుగా రావాలని లెక్క వేసుకుంటుంది. సున్నం కొట్టిన తెల్ల గోడ ముందు మనిషిని నిలబెడితే, “అబ్బో, వెలుతురు ఎక్కువైంది” అనుకుని తగ్గించేస్తుంది. గోడ బూడిదగా మారుతుంది, మనిషి ముఖం బొగ్గవుతుంది. దీనికి మందు కెమెరాలోనే ఉంది. మెనూలో ప్లస్, మైనస్ గుర్తులతో ఒక కొలత ఉంటుంది. తెల్ల గోడ ముందు దాన్ని ప్లస్ 1 దగ్గర పెట్టండి. సెల్‌ఫోన్‌లో అయితే ముఖం మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరపండి. లేదా మనిషిని తెల్ల గోడ దగ్గర నుంచి తీసుకొచ్చి నీలం తలుపు ముందు, మట్టి గోడ ముందు నిలబెట్టండి. ముఖం తనంతట తానే వెలుగుతుంది.

ఈ లెక్క వెనక ఒక చరిత్ర కూడా ఉంది. 1950ల నుంచి కొడాక్ కంపెనీ కలర్ ఫోటోలు కడిగే ల్యాబులకు ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద తెల్లజాతి యువతి ఫోటో ఉండేది. మొదటి యువతి పేరు మీద దాన్ని షర్లీ కార్డు అనేవారు. ఆమె చర్మం రంగు సరిగ్గా వస్తే మిషన్ సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లని, చామనఛాయ ముఖాలు ఎలా వస్తున్నాయన్నది అక్కడ కొలత కాదు. ఫిల్ములో ముదురు గోధుమ రంగులు సరిగ్గా రావడం లేదని చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాను కంపెనీలు ఫిర్యాదు చేశాకే ఆ మార్పు మీద దృష్టి పెట్టారని చెబుతారు. 1990ల్లో గాని వేర్వేరు రంగుల మనుషులున్న కార్డులు రాలేదు. 2021లో గూగుల్ తన ఫోన్లలో ముదురు చర్మం ఉన్నదున్నట్టు రావడానికి ప్రత్యేకంగా మార్పులు చేశామని ప్రకటించింది. అంటే మన ముఖం సరిగ్గా రాకపోవడం మన లోపం కాదని తయారుచేసేవాళ్లే ఒప్పుకున్నట్టు. అయితే ఒక జాగ్రత్త. చాలా సెల్‌ఫోన్లలో బ్యూటీ అనే మీట ఉంటుంది. అది ముఖాన్ని తెల్లబరిచి, ముడతలు చెరిపేస్తుంది. దాన్ని ఆపేయండి. మనకు కావలసింది అమ్మ ముఖం, సినిమా పోస్టర్ కాదు.

ధర్మవరంలో మాలో ఒకరికి తెలిసిన ఒక నేత కార్మికుడి ఇంటికి పోయాం. గుంట మగ్గం. ఆయన కాళ్లు గుంటలో ఉన్నాయి, నడుము దాకా పైకి కనిపిస్తున్నాడు. పక్కన ఒక చిన్న కిటికీ, నెత్తి మీద ఒక బల్బు. పట్టు పోగుల మీద, జరీ మీద వెలుతురు పడి తళతళలాడుతోంది. కెమెరా ఆ తళుకును చూసి మోసపోయి ఆయన ముఖాన్ని నల్లగా చేసింది. ప్లస్ చేశాక సర్దుకుంది. కిటికీ ఉండగా బల్బు ఎందుకని అడిగి ఆర్పించాం. రెండు రకాల వెలుతురు కలిస్తే రంగులు చెడిపోతాయి. మామూలు బల్బు వెలుగు పచ్చగా, పగటి వెలుగు కాస్త నీలంగా ఉంటుంది. కెమెరా ఏదో ఒకదానికే సర్దుకోగలదు. కిటికీ ఒక్కటే మిగిలాక చీర రంగు చీర రంగులాగే వచ్చింది.

నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంటే ఆయన చేతులు ఒక్క క్షణం కూడా ఆగలేదు. ముఖం మాత్రం పోగు మీదే నిలిచి ఉంది. 15వ వంతు సెకండులో తీసిన ఫోటోలో ముఖం స్పష్టంగా ఉంది, చేతులు మసకగా కదిలిపోయాయి. అది లోపమని మాకు అనిపించలేదు. పొద్దస్తమానం ఆగని చేతులు అలాగే కదా ఉంటాయి! ఫ్లాష్ మాత్రం వేయలేదు. పోగు మీద చూపు నిలిపినవాడి కంట్లో మెరుపు కొడితే చూపు చెదురుతుంది, పేక తప్పితే నష్టం ఆయనది.

చీకటి ఇళ్లలోకి ఫ్లాష్‌తో దూరడం గురించి ఒక పాత ఉదాహరణ ఉంది. న్యూయార్క్‌లో జాకబ్ రీస్ అనే విలేకరి పేదల ఇరుకు గదుల్లో మెగ్నీషియం పొడి మండించి ఫోటోలు తీశాడు. ఆ ఫోటోలతో ఆయన రాసిన పుస్తకం 1890లో వచ్చింది. పేదల ఇళ్ల స్థితి మీద ప్రభుత్వం కదలడానికి అది సాయపడింది. మంచి పనే. కానీ ఆ మనుషుల్లో కొందరు నిద్రలో ఉండగా, అర్ధరాత్రి తలుపు తీసి లోపలికి పోయి పొడి మండించి తీసిన ఫోటోలూ ఉన్నాయి. వాటిలో ముఖాలు బెదిరిపోయి కనిపిస్తాయి. మనల్ని చూడడానికి వచ్చే అధికారులూ విలేకరులూ తీసే ఫోటోల్లో కూడా మనం అలాగే కనిపిస్తుంటాం. మన వాళ్ల ఫోటో మనమే తీస్తే ఆ బెదురు ఉండదు. అడిగి తీయాలి, తీసింది చూపించాలి, వద్దంటే చెరిపేయాలి.

ఇంట్లోవాళ్ల దగ్గరికి పోయే ముందు చేయి తిరగాలంటే కదలని వాటి మీద సాధన చేయండి. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి ఉంది. 16వ శతాబ్దంలో విజయనగర రాజుల కాలంలో కట్టిన వీరభద్ర దేవాలయం మండపం లోకప్పు నిండా రంగు బొమ్మలున్నాయి. మెడ పట్టేసేలా తలెత్తి తీస్తే చెయ్యి వణుకుతుంది. కెమెరాను పైకి చూసేలా నేల మీద వెల్లకిలా పెట్టి, సెల్ఫ్ టైమర్ నొక్కి మీరు పక్కకు తప్పుకోండి. కావలసినంత సేపు కదలకుండా ఉంటుంది. ఫ్లాష్ మాత్రం వేయవద్దు. ఆ పాత రంగులకు అది మంచిది కాదు, అంత ఎత్తుకు అది చేరినా బొమ్మలు చదునుగా వెలవెలబోతాయి. అక్కడి సిబ్బంది చెప్పే నియమాలను పాటించండి.

పెనుకొండలో సాయంత్రం గగన్ మహల్ దగ్గర నిలబడి చూడండి. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు హంపి వదిలి వచ్చి రాజధాని చేసుకున్న ఊరు ఇది. పొద్దు గూకిన వెంటనే ఇంటికి బయలుదేరవద్దు. ఆ తర్వాత ఇరవై నిమిషాల పాటు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, ఊళ్లో దీపాలు అప్పుడే వెలుగుతుంటాయి. రెండు వెలుతురులూ సమానంగా తూగే సమయం అదే. కెమెరాను గోడ మీద రాయికి ఆనించి రెండు మూడు సెకండ్ల పాటు తెరిచి ఉంచితే గోపురాలూ కొండా అన్నీ విడివిడిగా వస్తాయి. పూర్తిగా చీకటి పడ్డాక నల్ల ఆకాశం తప్ప ఏమీ మిగలదు.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లున్నాయి కదా, ఇదంతా ఎందుకని తమ్ముళ్లు అడగవచ్చు. 2018 నుంచి ఫోన్లలో నైట్ మోడ్ బాగా వ్యాప్తిలోకి వచ్చింది. అది కూడా కుండల లెక్కే. ఒక్క ఫోటోకు బదులు వరుసగా చాలా ఫోటోలు తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. కుండలను మళ్లీ మళ్లీ వానలో పెట్టినట్టన్నమాట. ఇసుక తగ్గుతుంది. కానీ ఆ రెండు మూడు సెకండ్లు ఫోన్ కదలకూడదు, ఎదుటి మనిషీ కదలకూడదు. కాబట్టి ట్రంకు పెట్టె, బియ్యం సంచి, గోడ ఆసరా, బల్బు ఏ పక్కనుందో చూసుకోవడం, ఇవన్నీ ఫోన్‌కూ అవసరమే. లెన్సును ముందుగా చొక్కా అంచుతో తుడవడం మాత్రం మరిచిపోవద్దు. జిడ్డు అంటిన లెన్సుతో తీస్తే ప్రతి బల్బు చుట్టూ మంచు కమ్మినట్టు వస్తుంది.

వంటమ్మకు ఫోటో ప్రింటు తీయించి ఇచ్చాం. చాలాసేపు చూసింది. “నా గాజులు గూడా పడినాయే” అంది. తర్వాత కొంగుతో తుడిచి, బియ్యం డబ్బా మీద ఎత్తుగా పెట్టింది. ఈ సంచికలో ఆమె ఫోటో, కామాటి ఫోటో, వాచ్‌మన్ ఫోటో వార్డెన్ సార్ ఫోటోతో సమానమైన సైజులో అచ్చు వేయమని కమిటీవారిని కోరాం, వారు సంతోషంగా ఒప్పుకున్నారు.

చివరగా తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మా విన్నపం ఒకటే. వచ్చే సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నలు పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చునే వేళ చూసుకోండి. బల్బును వాళ్ల ముఖానికి పక్కగా వచ్చేలా చూడండి. దగ్గరికి పోయి, ఆసరా చూసుకుని, ఐదారు ఫోటోలు తీయండి. ఫోన్ పోతే ఫోటోలన్నీ పోతాయి కాబట్టి బాగా వచ్చిన ఒక్కదాన్ని ఊళ్లోని స్టూడియోలో ప్రింటు తీయించండి. దాని వెనక బాల్‌పెన్నుతో వాళ్ల పేరు, ఊరు, తేదీ రాయండి. ఒక ప్రతిని ఇంట్లో ఉంచి, ఒక ప్రతిని హాస్టల్ గ్రంథాలయంలో మేం పెట్టిన ఆల్బంలో అతికించండి. మొదటి నాలుగు పేజీలు మేం నింపాం. మిగతా పేజీలు మీ కోసం ఖాళీగా ఉంచాం.

— ముగ్గురు పూర్వ విద్యార్థులు
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం